‘ఎవరు చూశారు?’: జీవపరిణామంపై సందేహం, దేవుడిపై నమ్మకం

“కోతి మనిషిగా మారుతుంటే చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” జీవపరిణామం మాట వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్న వినిపిస్తుంది. తరగతి గదిలో విద్యార్థి అడుగుతాడు, రచ్చబండ మీద పెద్దాయన అడుగుతాడు. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ ఔరంగాబాద్‌లో దాదాపు ఇదే వాదన వినిపించారు. కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ రాయలేదు, చెప్పలేదు కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠ్యప్రణాళికలో మార్పు రావాలని ఆయన అన్నారు.

కొద్ది రోజుల్లోనే దేశంలోని మూడు ప్రధాన సైన్సు అకాడమీలు, అంటే బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, దిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, అలహాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి ఒక ప్రకటన చేశాయి. ఆ వాదనకు శాస్త్రీయ ఆధారం లేదని, పరిణామ సిద్ధాంతాన్ని పాఠాల నుంచి తీసేయడం వెనకడుగు అవుతుందని తేల్చి చెప్పాయి.

వివాదం చల్లారింది. ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. దాన్ని ఎగతాళి చేస్తే ప్రయోజనం లేదు. సందేహించడం సైన్సుకు శత్రువు కాదు, అసలు సైన్సు మొదలయ్యేదే అక్కడ. అయితే సందేహానికి జవాబు వెతకాలి. ఈ ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు వేర్వేరు సందేహాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మాటలకు సంబంధించినది, రెండోది ఆధారాలకు సంబంధించినది, మూడోది మనసుకు సంబంధించినది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మాటల చిక్కు

“అది ఒట్టి సిద్ధాంతమే కదా, రుజువు కాలేదు కదా” అని చాలామంది అంటారు. చిత్రమేమిటంటే మన భాషలో ‘సిద్ధాంతం’ అనే మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థం ‘తేలిన నిర్ణయం’. సూర్యసిద్ధాంతం పేరులో ఉన్నది ఆ అర్థమే. పంచాంగం గుణించే ఆయనను సిద్ధాంతి అంటాం కానీ ఊహాగానాలు చేసేవాడని అనం. సైన్సులో కూడా ఆ మాట బరువైనదే. ఎన్నో పరిశీలనలను ఒక్క సూత్రంతో వివరించి, కొత్త పరీక్షలకు నిలబడిన వివరణే సిద్ధాంతం. గురుత్వాకర్షణకు సిద్ధాంతం ఉంది. రోగాలు సూక్ష్మజీవుల వల్ల వస్తాయనేదీ సిద్ధాంతమే. పరీక్షకు ముందు చేసే ఊహను పరికల్పన అంటారు. రెండింటినీ ఒకటే అనుకోవడంతో సగం గందరగోళం మొదలవుతుంది.

రెండో చిక్కు ‘కోతి నుంచి మనిషి’ అనే మాట. ఇప్పుడు చెట్ల మీద కనిపించే కోతి మనిషిగా మారిందని ఏ జీవశాస్త్రజ్ఞుడూ చెప్పడు. సైన్సు చెప్పేది చుట్టరికం. మీ చిన్నాన్న కొడుకు మీ తాత కాడు, మీకూ అతనికీ తాత ఒక్కడే. మనిషికీ చింపాంజీకీ కూడా అలాగే ఉమ్మడి పూర్వీకులు ఉండేవి. సుమారు 60 నుంచి 70 లక్షల ఏళ్ల క్రితం ఆ శాఖలు విడిపోయాయి. మిగతా కోతులతో మన చుట్టరికం ఇంకా పాతది. “మరి కోతులు ఇంకా ఎందుకు మిగిలాయి?” అన్న ప్రశ్నకూ ఇదే జవాబు. అన్నదమ్ముల్లో ఒకరు పట్నం వెళ్లినంత మాత్రాన ఊళ్లో ఉన్నవారు లేకుండా పోరు కదా.

చూడకుండా తెలుసుకోవడం

ఇక ఆధారాల సంగతి. కళ్లతో చూసినదే నిజమైతే, సాక్షి లేని ఏ నేరాన్నీ పోలీసులు ఛేదించలేరు. వేలిముద్ర, అడుగుజాడ, రక్తపు మరక, డీఎన్‌ఏ ఒకే దిశను చూపిస్తే న్యాయస్థానం ఒప్పుకుంటుంది. జీవపరిణామానికి ఆధారాలు కూడా అలాంటివే. వాటిలో ఒకటి మన దేశపు రాళ్లలోనే దొరికింది.

తిమింగలం నీళ్లలో ఉన్నా చేప కాదు. గాలి పీల్చుకుంటుంది, పిల్లలకు పాలిస్తుంది. అంటే దాని పూర్వీకులు నేల మీద నడిచిన క్షీరదాలై ఉండాలి. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథం తొలి ముద్రణలో డార్విన్ దీని మీద ఒక ఊహ చేశాడు. నోరు తెరుచుకుని ఈదుతూ నీటి మీది పురుగులను పట్టే ఎలుగుబంటి లాంటి జంతువు కాలక్రమంలో తిమింగలం లాంటి జీవిగా మారవచ్చని రాశాడు. జనం నవ్వారు. తర్వాతి ముద్రణలో ఆయన ఆ ఊహను తీసేశాడు.

వందేళ్లు దాటాక జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ.రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త శిలాజాలున్న రాళ్లను సేకరించాడు. వాటిలో దొరికిన ఒక చిన్న గిట్టల జంతువుకు 1971లో ‘ఇండోహయస్’ అని పేరు పెట్టాడు. ఆయన సేకరించిన రాళ్లలో చాలా భాగం పగలగొట్టకుండానే ఉండిపోయాయి. ఆయన మరణం తర్వాత అవి ఆయన భార్య ద్వారా అమెరికాలోని పరిశోధకుడు హాన్స్ థెవిసెన్ చేతికి వచ్చాయి. ప్రయోగశాలలో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలోని చెవి ఎముక పొరపాటున విరిగింది. లోపల చూస్తే ఆ ఎముక ఒకవైపు గోడ బాగా మందంగా ఉంది. చెవి ఎముకలో ఈ ప్రత్యేక మందం తిమింగలాల కుటుంబానికి గుర్తు. సునీల్ బాజ్‌పాయ్ వంటి భారతీయ శాస్త్రవేత్తలతో కలిసి థెవిసెన్ బృందం 2007లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించింది.

ఇండోహయస్ సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. చూడడానికి నల్లమల అడవుల్లోని మూషిక జింకలా ఉండేది. నీళ్లలో అడుగున నడవడానికి పనికివచ్చే బరువైన ఎముకలు దానికి ఉండేవి. అది తిమింగలాలకు నేరుగా తాత కాదు, ఆ తాతకు దగ్గరి చుట్టం. పాకిస్థాన్‌లో దొరికిన పాకిసీటస్, ఆంబ్యులోసీటస్, గుజరాత్‌లోని కచ్‌లో దొరికిన కచ్చిసీటస్, ఈజిప్టు ఎడారిలో దొరికిన బాసిలోసారస్ శిలాజాలను వరుసగా పెట్టి చూస్తే నడక నుంచి ఈత దాకా జరిగిన ప్రయాణం కనిపిస్తుంది. పూర్తిగా సముద్రజీవి అయిన బాసిలోసారస్‌కు కూడా బుల్లి వెనక కాళ్లు మిగిలే ఉన్నాయి. డీఎన్‌ఏ పరీక్షలు మరో వైపు నుంచి వచ్చి, ఇప్పుడు బతికి ఉన్న జంతువుల్లో తిమింగలానికి అతి దగ్గరి చుట్టం నీటిగుర్రమని తేల్చాయి. నీటిగుర్రమూ ఇండోహయస్సూ జంట గిట్టల జంతువుల వర్గానికి చెందినవే.

డార్విన్ ఎలుగుబంటి ఊహ తప్పింది. నేల జంతువు సముద్రం చేరిందన్న అసలు మాట నిలిచింది. తప్పిన భాగాన్ని వదిలేసి, నిలిచిన భాగాన్ని మరింత పదును పెట్టుకోవడమే సైన్సు పద్ధతి.

మన కణాల్లోని అతుకు

రెండో ఆధారం మన ఒంట్లోనే ఉంది. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్‌లకు 24 జతలు. ఉమ్మడి పూర్వీకులు నిజమే అయితే ఒక జత ఏమైనట్టు? జత మొత్తం మాయమైతే బతకడం సాధ్యం కాదు. రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటిగా మారి ఉండాలి. అలా అయితే అతుకు గుర్తు కనబడాలి.

ప్రతి క్రోమోజోముకూ కొసల్లో ఒక ప్రత్యేకమైన డీఎన్‌ఏ వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, చెప్పుల తాడు కొసకు ఉండే గట్టి తొడుగులాగా. 1991లో పరిశోధకులు మనిషి రెండో క్రోమోజోము నడిమి భాగంలో ఈ కొస వరుసలు ఒకదానికొకటి ఎదురెదురుగా అతుక్కుని ఉన్నట్టు చూపించారు. ప్రతి క్రోమోజోముకూ ఒకటే ఉండాల్సిన కేంద్ర భాగం ఇక్కడ రెండోసారి పనిచేయని శిథిలంగా మిగిలి ఉంది. ఈ క్రోమోజోములోని జన్యువుల వరుస చింపాంజీలోని రెండు వేర్వేరు క్రోమోజోముల వరుసతో సరిపోతుంది. ఇక్కడ సిద్ధాంతం ముందే చెప్పింది, రుజువు తర్వాత దొరికింది.

పత్తి చేలో పరిణామం

పరిణామాన్ని కళ్లారా చూడాలనుకునేవారు అడవులకు, ఎడారులకు వెళ్లనక్కర్లేదు. పత్తి చేలోకి వెళితే చాలు.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలోని ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చడం వల్ల ఆ మొక్కే పురుగుకు విషమయ్యే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. మొదట్లో కాయతొలుచు పురుగులు తగ్గాయి. కానీ కోట్లాది పురుగుల్లో ఎక్కడో ఒకటి రెండు, పుట్టుకతోనే ఆ ప్రొటీన్‌ను తట్టుకోగలవి ఉంటాయి. మిగతావన్నీ చస్తే బతికేది అవే, పిల్లలు పెట్టేదీ అవే. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి రకం బీటీని తట్టుకునే గులాబీ రంగు పురుగు కనిపించింది. రెండు జన్యువులు చేర్చిన రకం అప్పటికే వచ్చింది. 2015 నాటికి దాన్ని తట్టుకునే పురుగూ బయటపడింది. ఆ తర్వాత మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ రైతులు గులాబీ రంగు పురుగు వల్ల ఎంత నష్టపోయారో పత్తి పండించిన ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

పురుగు ‘తెలివి’ మీరలేదు. ఏ పురుగూ తన శరీరాన్ని తాను మార్చుకోలేదు. ముందే ఉన్న వైవిధ్యంలోంచి పరిస్థితి కొన్నింటిని ఏరింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే.

ఇది జరుగుతుందని శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనాలను చేను చుట్టూ వేయమని ఇచ్చేవారు. ఆ వరసల్లో మామూలు పురుగులు బతకాలి. బీటీ చేలో బతికి బయటపడ్డ అరుదైన పురుగులు వాటితో జతకడితే, పుట్టే పిల్లల్లో చాలా వరకు మళ్లీ బీటీకి లొంగేవే అవుతాయి. అలా నిరోధక శక్తి వ్యాపించడం ఆలస్యమవుతుంది. కానీ ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో చాలామంది రైతులకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పురుగులకు మేత వేయడమేమిటని ఎన్నో చోట్ల దాన్ని పక్కన పడేశారు. జీవపరిణామం తెలియకపోతే వచ్చే నష్టం పరీక్షలో రెండు మార్కులు కాదు. పూర్తిగా వాడకుండా వదిలేసిన యాంటీబయాటిక్ మందుల వల్ల మొండి క్షయ పుట్టుకురావడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

భక్తి ఉన్నవారు, పరిణామాన్ని ఒప్పుకున్నవారు

మూడో సందేహం అన్నింటికంటే లోతైనది. “ఇదంతా నిజమైతే దేవుడి మాటేమిటి?” ఈ భయం ఉన్నవారికి ఎన్ని ఎముకలు చూపించినా తృప్తి ఉండదు. ఎందుకంటే వారి ప్రశ్న ఎముకల గురించి కాదు.

చరిత్ర ఇక్కడ కొంత ఊరటనిస్తుంది. డార్విన్ కేంబ్రిడ్జిలో చదివింది చర్చి ఉద్యోగానికి. తర్వాత ఆయన నమ్మకం క్రమంగా సడలింది. 1851లో పదేళ్ల కూతురు ఆనీ మరణం ఆయన్ను లోతుగా గాయపరిచింది. చివరి దశలో, దేవుడున్నాడో లేడో తేల్చలేననే స్థితికి వచ్చాడు. అయినా 1879లో రాసిన ఒక ఉత్తరంలో, మనిషి గాఢమైన ఆస్తికుడిగా ఉంటూ పరిణామాన్నీ అంగీకరించవచ్చని, అందులో తనకు సందేహం లేదని చెప్పాడు. అమెరికాలో ఆయన సిద్ధాంతానికి తొలినాళ్లలో అండగా నిలిచిన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే భక్తి గల క్రైస్తవుడు. 20వ శతాబ్దంలో జన్యుశాస్త్రాన్నీ పరిణామాన్నీ ఒకటిగా కలిపిన వారిలో ముఖ్యుడైన థియోడోషియస్ డాబ్‌జాన్‌స్కీ కూడా ఆస్తికుడే. 1996లో రెండో జాన్ పాల్ పోప్, పరిణామం ఒట్టి పరికల్పన స్థాయిని దాటిందని చెప్పారు.

ఘర్షణలూ జరిగాయి. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మనిషి పరిణామం గురించి బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి 100 డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం రద్దయింది 1967లో. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణంలో, సృష్టికర్త వాదాన్ని కొత్త పేరుతో సైన్సు తరగతిలోకి తేవడం చెల్లదని న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ కేసులో పరిణామం తరఫున మొదట సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్ విశ్వాసి. అంటే గీత మతానికీ సైన్సుకూ మధ్య గీసినంత సూటిగా లేదు. మతగ్రంథాన్ని జీవశాస్త్ర పాఠంగా చదవాలనేవారికీ, అలా చదవనక్కర్లేదనే విశ్వాసులకూ మధ్య కూడా అది ఉంది.

దశావతారాలు పాఠం అవుతాయా?

మన దేశంలో ఘర్షణ ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది పరిణామాన్ని కాదనరు, “అది మనకు ముందే తెలుసు” అంటారు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అంటూ దశావతారాలను వరుసగా చూపిస్తారు. ఈ పోలిక 19వ శతాబ్దం చివరి దశకాల నుంచే ఉంది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ దీన్ని ప్రస్తావించాడు. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన పరిణామ శాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ కూడా వెన్నెముక జీవుల క్రమంతో దీన్ని పోల్చాడు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి ఒక అడుగు ముందుకేసి, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగన్నట్టు మాట్లాడారు. అది దేశమంతటా చర్చకు దారితీసింది.

పోలిక అందంగా ఉంది. తరగతిలో ఆసక్తి కలిగించడానికి పనికొస్తుంది కూడా. కానీ అది అక్కడే ఆగాలి. అవతారాల కథ నిచ్చెన లాంటిది, ఒక మెట్టు తర్వాత మరో మెట్టు. జీవపరిణామం మర్రిచెట్టు లాంటిది, ఎన్నో కొమ్మలు ఒకేసారి పెరుగుతూ, కొన్ని ఎండిపోతూ ఉంటాయి. తాబేలు నుంచి పంది రాలేదు. అవతారం ఒక సంకల్పంతో వస్తుంది, ప్రకృతి వరణానికి గమ్యం లేదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఫలానా రాతిపొరలో ఫలానా శిలాజం దొరకాలని దశావతారాలు చెప్పవు. చెప్పమని వాటిని అడగడం కూడా న్యాయం కాదు. ధర్మానికి గ్లాని కలిగినప్పుడు రక్షణ దొరుకుతుందన్న నమ్మకం ఆ కథకు ప్రాణం. దాన్ని జీవశాస్త్రానికి సాక్షిగా బోనులో నిలబెడితే నష్టపోయేది కథే. సృష్టి ఎలా జరిగిందో నిజంగా ఎవరికి తెలుసని ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం ప్రశ్నించింది. అలా అడగగల సంప్రదాయం పరీక్షలకు భయపడనక్కర్లేదు.

తెలుసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు

అమెరికాలో 2012లో జరిగిన ఒక సర్వే ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఇప్పటి మనుషులు పూర్వపు జంతుజాతుల నుంచి పరిణామం చెందారన్న వాక్యం నిజమా కాదా అని అడిగితే 48 శాతం మంది నిజమన్నారు. అదే వాక్యానికి ముందు ‘పరిణామ సిద్ధాంతం ప్రకారం’ అని చేర్చి మరికొందరిని అడిగితే 72 శాతం మంది నిజమన్నారు. చాలామందికి సైన్సు ఏం చెబుతుందో తెలుసు. మొదటి ప్రశ్న వారికి “మీరు ఎవరి పక్షం?” అన్నట్టు వినిపించింది.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక దారి ఉంది. “దేవుడా, డార్వినా?” అని పిల్లవాణ్ని నిలదీస్తే, వాడు ఇంట్లో అమ్మమ్మ పెట్టిన దీపాన్ని ఎంచుకుంటాడు. తప్పేముంది? ఆధారాలేమిటో, వాటి నుంచి నిర్ణయానికి ఎలా వచ్చారో ముందు చూపించాలి. లోకం ఎలా పనిచేస్తుందన్నది సైన్సు అడిగే ప్రశ్న. ఎలా బతకాలి, దేనికోసం బతకాలి అన్నవి మనిషి మరెన్నో చోట్ల వెతుక్కునే ప్రశ్నలు. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛ ఇచ్చింది, 51-ఎ(హెచ్)లో శాస్త్రీయ దృక్పథాన్ని, విచారణా తత్వాన్ని పెంచుకోవడం పౌరుడి కర్తవ్యమంది. రెండూ ఒకే పౌరుడికి చెప్పిన మాటలే.

ఆ మాట నిలబడాలంటే పాఠం ఉండాలి. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం కేవలం ‘అనువంశికత’గా మిగిలింది. కోవిడ్ కాలంలో భారం తగ్గించడానికని పక్కనపెట్టిన భాగం తర్వాత శాశ్వతంగా పోయింది. 12వ తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉందని అధికారులు చెప్పారు. అయితే పదో తరగతి తర్వాత జీవశాస్త్రం తీసుకునేవారు కొద్దిమందే. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు ప్రియులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చాలని బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. కామర్స్ చదివే అమ్మాయి, ఐటీఐలో చేరే అబ్బాయి, పదితోనే చదువు ఆపి సేద్యంలోకి దిగే యువకుడు కూడా రేపు మందుల కోర్సు మధ్యలో ఆపాలా వద్దా అని, విత్తనాల ప్యాకెట్ పడేయాలా వద్దా అని నిర్ణయించుకోవాల్సినవారే. “ఎవరు చూశారు?” అని అడిగే హక్కు వారికి ఉంది. జవాబు వినే అవకాశం కూడా ఉండాలి.

తరగతిలో చర్చకు

1. ఎవరూ చూడకపోయినా మనం నిజమని ఒప్పుకునే సంగతులు మూడు చెప్పండి. వాటికి ఏ ఆధారాలున్నాయి?

2. మీ ఊళ్లో పత్తి వేసే రైతును కలిసి, పదేళ్లలో పురుగుమందుల వాడకం ఎలా మారిందో అడగండి. ఆ మార్పును ప్రకృతి వరణంతో వివరించండి.

3. నిచ్చెన, చెట్టు: జీవుల చరిత్రకు ఏ బొమ్మ సరిపోతుంది? ఎందుకు?

4. ఏ శిలాజం ఏ రాతిపొరలో దొరికితే పరిణామ సిద్ధాంతం చిక్కుల్లో పడుతుందో ఊహించండి. తప్పని తేలే అవకాశం ఉండటం సిద్ధాంతానికి బలమా, బలహీనతా?